మడత ల్యాప్‌టాప్‌లో లైనక్స్

తెరను వెనక్కి మడిచి టాబ్లెట్‌గా వాడుకునే మీ ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వంటి లైనక్స్ పనిచేస్తుందా? మామూలు పనులకు సాధారణంగా ఇబ్బంది ఉండదు, చిక్కంతా మడతలోనే. తెరను తిప్పినప్పుడు యాక్సిలరోమీటర్ గురుత్వాకర్షణ దిశను పసిగడుతుంది. కెర్నల్‌లోని డ్రైవర్ ఆ కొలతను అందుకుంటుంది. ఐఐఓ-సెన్సర్-ప్రాక్సీ అనే సేవ దాన్ని గ్నోమ్ డెస్క్‌టాప్‌కు చేరవేస్తేనే తెరపై దృశ్యం తిరుగుతుంది. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా అంతే. మడిచినప్పుడు కీబోర్డు ఆగడానికి మరో సంకేతం కావాలి.

కాబట్టి ముందుగా పెన్‌డ్రైవ్ నుంచి లైవ్ పద్ధతిలో నడిపి చూడండి. విండోస్‌లో బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీని అంతకుముందే రాసిపెట్టుకోండి. తెరను మడవండి, తిప్పండి, వేలితో తాకండి. నోట్సు రాయడానికే కొన్నవారు స్టైలస్‌నే మొదట చూడాలని నా అభిప్రాయం. మీకున్నది ఆ ఒక్క యంత్రమే అయితే, అసైన్‌మెంట్లను వేరేచోట భద్రపరచుకోకుండా ఇన్‌స్టాల్ నొక్కకండి.