రాత్రి కావలిలో దుర్భిణిని కంటికి కుదుర్చుకొనుట

పూతలపట్టు ప్రాంతమున వేరుశనగ ఊడలు దిగి కాయ గట్టిపడు నాటినుండి, చేను పెరికి కుప్ప వేయువరకు రైతుకు ఇంటిలో నిద్ర ఉండదు. చీకటి పడగానే గుట్టలనుండి అడవిపందులు దిగును. మంద ఒకటి చేనిలో జొరబడినచో, తిన్నదానికంటె మూతితో తవ్వి పాడుచేసినదే ఎక్కువగా ఉండును. చెరకు తోటలోనైతే గడలను మొదట కొరికి పడవేయును. పడమటివైపున పలమనేరు, కుప్పం అడవుల పక్క గ్రామాలవారికి ఏనుగుల బెడద కూడ కలదు. 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది ఆ అడవులలోనే.

కావున మంచె, డప్పు, టార్చిలైటు మనకు కొత్తవి కావు. ఇటీవల కొందరు యువరైతులు వీటికి తోడు దుర్భిణిని, చీకటిలో చూచు పరికరమును కూడ కొని తెచ్చుకొనుచున్నారు. అయితే వీరిలో పలువురు చెప్పు మాట ఒక్కటే: “కన్ను పెట్టగానే నల్లగా మూసుకొనిపోవుచున్నది. పది నిమిషములకే తలనొప్పి. డబ్బు దండుగ అయినది.” నేను పరిశీలించినంతలో లోపము చాలవరకు పరికరములో లేదు. కన్ను ఉండవలసిన చోట ఉండకపోవుటయే లోపము. దీనిని సరిచేసుకొను విధమును ఈ వ్యాసములో వివరింతును.

ముందుగా ఒక మాట. తుపాకికి బిగించు రాత్రి దుర్భిణి గురించి కొందరు అడుగుచున్నారు. అది మన పని కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అనుమతి లేకుండ అడవిపందిని చంపుట నేరము. పంటకు హాని చేయు జంతువు విషయములో ఆ చట్టపు 11వ సెక్షను క్రింద అనుమతి ఇచ్చు అధికారము అటవీశాఖకే కలదు. ఉరి పెట్టుట, కంచెకు నేరుగా కరెంటు పెట్టుట కూడ ఈ నేరము క్రిందికే వచ్చును. ఆ తీగ పందిని, ఏనుగును, మన ఇంటి మనిషిని వేరుచేసి చూడదు. కావున ఇక్కడ చెప్పునది చేతితో పట్టి చూచు పరికరము గురించియే.

కన్ను ఎక్కడ ఉండవలెను?

దుర్భిణిని పగటివేళ చేయి చాచినంత దూరములో పట్టి, ఆకాశము వైపు త్రిప్పి, కన్ను పెట్టు అద్దమును చూడుడు. దాని మధ్య గుండ్రని చిన్న వెలుగు బిళ్ల కనిపించును. ఆ బిళ్ల మన కంటిపాపపై సరిగా పడినప్పుడే దృశ్యము నిండుగా కనిపించును. కన్ను పక్కకు జరిగినచో ఒక అంచున నెలవంకవలె నల్లని నీడ వచ్చును. కన్ను మరీ దూరమైనచో చుట్టు నల్లని వలయము ఏర్పడి దృశ్యము చిన్నదగును. మరీ దగ్గరైనచో నల్లని మచ్చలు వచ్చిపోవుచుండును. ఈ మూడు గుర్తులు తెలిసినవాడు కన్నును ఎటు జరుపవలెనో తానే తెలిసికొనగలడు.

ఆ వెలుగు బిళ్ల వెడల్పును లెక్కకట్టుట సులువు. దుర్భిణిపై 7×50 అని ఉన్నచో, మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దదిగా చూపునో తెలుపును; రెండవది ముందు అద్దము వెడల్పు, మిల్లీమీటర్లలో. 50ని 7తో భాగించగా సుమారు 7 మి.మీ. వచ్చును. 8×40 అయినచో 5 మి.మీ.; 10×25 అయినచో రెండున్నర మి.మీ. మాత్రమే. చీకటిలో పడుచువాని కంటిపాప సుమారు 7 మి.మీ. వరకు విచ్చుకొనును. వయసు మళ్లినవారికి 5 మి.మీ.కు లోపుగానే నిలిచిపోవచ్చును. కావున రాత్రి కావలికి 7×50 గాని, 8×40 గాని తగినది. ఎక్కువ రెట్లు చూపునని జేబులో పట్టు 10×25ను కొన్నచో పగలు బాగుండును గాని, చీకటిలో వెలుగు చాలదు. పైగా బిళ్ల చిన్నదగుటచే కన్ను వెంట్రుకవాసి కదిలినను చూపు నల్లబడును.

కంటికి, అద్దమునకు నడుమ ఉండవలసిన దూరమును “కంటి ఎడము” అందము. కళ్లజోడు పెట్టుకొనువారికి ఇది 15 మి.మీ.కు తగ్గరాదు. వారు రబ్బరు గిన్నెలను మడచి చూడవలెను. జోడు లేనివారు వాటిని నిలిపి కంటి చుట్టు ఎముకకు మెల్లగా ఆన్చవలెను. తుపాకి దుర్భిణికి ఈ ఎడము 8, 10 సెంటీమీటర్ల వరకు ఉంచుదురు. తుపాకి వెనుకకు తన్నినప్పుడు కనుబొమ్మ పగులకుండుటకే ఆ ఏర్పాటు.

పగలే సరిచేసుకొనవలెను

చీకటిలో మరలు త్రిప్పుచు కూర్చొనుట వ్యర్థము. పగలే దూరపు చెట్టు నొకదానిని గురిగా పెట్టుకొని ఈ క్రమములో చేయుడు.

1. రెండు గొట్టములను దగ్గరకు, దూరముగా మడచుచు, రెండు వృత్తములు ఒక్కటిగా కనిపించునట్లు చేయవలెను. మనిషి మనిషికి కళ్ల నడుమ దూరము మారును గనుక తండ్రికి కుదిరినది కొడుకునకు కుదరదు.

2. కుడి కన్ను మూసి, ఎడమ కంటితో చూచుచు నడిమి చక్రమును త్రిప్పి చెట్టును స్పష్టము చేయవలెను.

3. తరువాత ఎడమ కన్ను మూసి, నడిమి చక్రమును కదపక, కుడి కంటివద్ద గల మరను మాత్రము త్రిప్పి స్పష్టము చేయవలెను. ఆ మర నిలిచిన చోట రంగుతో చిన్న గుర్తు పెట్టుకొనుడు.

ఏ దుర్భిణితోను సూర్యుని చూడరాదు. కన్ను పోవును.

మెడను వంచరాదు

పరికరము వద్దకు తలను తీసికొనిపోవుట మనవారు చేయు రెండవ పొరపాటు. ముందు వీపునకు ఆనుకొనునట్లు కూర్చొని, చూపు నిటారుగా నిలిపి, తరువాత పరికరమును కంటివద్దకు తేవలెను. మంచె ముందు వెదురుకు అడ్డముగా ఒక బొంగు కట్టి, దానిపై ఇసుక నింపిన చిన్న గోనెసంచి వేసికొన్నచో పరికరమునకు ఆనిక దొరకును. బొంగును కూర్చొన్నవాని గడ్డము ఎత్తున కట్టవలెను. మోచేతులు మోకాళ్లపై నిలిచినచో భుజములు లాగవు. ఈ చిన్న ఏర్పాటుతోనే సగము తలనొప్పి పోవును.

చీకటిలో చూచు పరికరములు

వీటిలో మనము చూచునది నేరుగా చేనిని కాదు. లోపల వెలుగు చిన్న తెరను. కావున రెండు సవరణలు అవసరము. మొదట కంటివద్ద మరను త్రిప్పి తెరపై గల అక్షరములు స్పష్టముగా కనిపించునట్లు చేయవలెను. పిమ్మట ముందు మరను త్రిప్పి చేనిని స్పష్టము చేయవలెను. చాలమంది ముందు మరనే త్రిప్పుచుందురు. తెరయే మసకగా ఉన్నప్పుడు దాని వలన లాభమేమి?

తెర వెలుగును వీలైనంత తగ్గించుడు. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడుటకు 20 నుండి 30 నిమిషములు పట్టును. ఒక్క తెల్లని వెలుగుతో ఆ అలవాటు చెడును. కావున ఒక కంటిని పరికరమునకు, రెండవ కంటిని చీకటికి కేటాయించుడు. మంచెపై పని చూచుకొనుటకు ఎర్రని మసక దీపము మేలు. వేడిని పసిగట్టి చూపు పరికరమునకు వెలుగుతో పని లేదు గాని, కిటికీ అద్దము గుండా అది చూడజాలదు. దట్టమైన మంచులో దాని చూపు తగ్గును.

ఒక రాత్రి అనుభవము

ఒకప్పుడు పూతలపట్టు దగ్గర ఒక పెద్దాయన చేనిలో మంచెపై కూర్చొంటిని. వేడిని చూపు పరికరములో, గట్టు పక్కన తెల్లని ముద్ద ఒకటి వంగి కదలుచుండెను. ఒక అంచున నల్లని నీడ పడి సగము కప్పివేసినది. “పంది!” అంటిని. పెద్దాయన పరికరమును తీసికొని, సంచిపై ఆన్చి, కన్ను సరిచేసికొని నిదానముగా చూచెను.

“పంది గాదు సార్, మనిషి. చెరకు కయ్యకి మడవ తిప్పతా ఉండాడు,” అనెను.

నా ఒళ్లు జలదరించినది. ఆ చోట నాటుతుపాకి పట్టినవాడు ఉన్నచో ఏమయ్యెడిది?

ఇంకొక సంగతి. టార్చి వేసినప్పుడు గొడ్డు, కుక్క, నక్క, జింకల కళ్లు మెరయును. వెలుగును తిరిగి పంపు పొర వాటి కంటి వెనుక ఉండుటయే కారణము. పంది కంటిలో ఆ పొర లేదు. మనిషి కంటిలోను లేదు. కావున కళ్లు మెరయనంత మాత్రమున పంది అని గాని, మనిషి అని గాని నిర్ణయించుటకు వీలులేదు. మొత్తము ఆకారమును, నడకను చూచియే తెలిసికొనవలెను. అందులకే కన్ను సరిగా కుదరవలెను.

నల్లని నీడ ఉన్నంతసేపు చూచినది చూచినట్లు కాదు. ముందు నీడను పోగొట్టుడు, తరువాత పోల్చుకొనుడు, ఆ పిమ్మటనే కేక వేయుడు, డప్పు కొట్టుడు. ఏనుగు అని తోచినచో దగ్గరకు పోక, తోటివారిని హెచ్చరించి అటవీ సిబ్బందికి కబురు చేయుడు. పంట పోయినచో వచ్చే ఏడు మరల పండించుకొనవచ్చును. తొందరపాటుతో పోయిన ప్రాణము తిరిగి రాదు.