మూత విప్పడానికే పుట్టిన యంత్రం

1981 ఆగస్టు 12న న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో ఐబీఎం కంపెనీ తన పర్సనల్ కంప్యూటర్‌ని బయటపెట్టింది. మోడల్ నంబరు 5150, ధర 1,565 డాలర్ల నుంచి. ఆ డబ్బుకి ఇంటికొచ్చేది 16 కేబీ మెమరీ, ఓ కీబోర్డు, బరువైన ఇనప డబ్బా. మానిటర్ లేదు, ఫ్లాపీ డ్రైవు కూడా లేదు. రాసుకున్న ప్రోగ్రామ్‌ని దాచుకోవాలంటే ఇంట్లో ఉన్న క్యాసెట్ టేప్‌రికార్డర్ తెచ్చి తగిలించుకోవాలి. తెర మీద అక్షరం చూపించడం కూడా మదర్‌బోర్డు పని కాదు, దానికి ప్రత్యేకంగా ఓ కార్డు గుచ్చాలి.

ఆ గుచ్చే చోట్లే ఈ యంత్రం అసలు విశేషం. మదర్‌బోర్డు మీద వరసగా 5 స్లాట్లు. ఒకటి తెర కార్డుకి పోయినా మిగతావి ఖాళీ. వాటిలో ఏం పెడతారో ఐబీఎంకి తెలియదు, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. పెద్ద పెద్ద కంప్యూటర్లని అద్దెకిచ్చి, తన ఇంజనీర్లే వచ్చి చూసుకునే కంపెనీకి ఇది అలవాటు లేని పని. ఫ్లోరిడాలోని బోకా రేటన్‌లో డాన్ ఎస్ట్రిడ్జ్ నడిపిన చిన్న బృందానికి ఉన్న గడువు దాదాపు ఏడాది. సొంతంగా అన్నీ తయారుచేసే తీరిక లేక బజారులో దొరికేవి తెచ్చి కలిపారు. ప్రాసెసర్ ఇంటెల్ 8088, ఆపరేటింగ్ సిస్టమ్ డాస్, అది మైక్రోసాఫ్ట్‌ది. పైగా లోపలి సర్క్యూట్ బొమ్మలు, మిషన్‌ని నిద్రలేపే బయోస్ ప్రోగ్రామ్ మొత్తం అచ్చేసి, టెక్నికల్ రిఫరెన్స్ పుస్తకంగా అమ్మారు. డబ్బు పెట్టి కొన్న ఎవరైనా దాన్ని చూసి కార్డు తయారుచేసుకోవచ్చు.

స్లాట్ల ఆలోచన వాళ్లకంటే ముందే ఉంది. 1977లో వచ్చిన ఆపిల్ 2లో స్టీవ్ వోజ్నియాక్ పట్టుబట్టి 8 స్లాట్లు పెట్టించాడు. స్టీవ్ జాబ్స్ రెండు చాలన్నాడట. 

ఐబీఎం తెరిచిపెట్టిన తలుపులోంచి దూరి పేరు తెచ్చుకున్నది కాంపాక్ అనే కంపెనీ. బయోస్ మీద కాపీరైట్ ఉంది కాబట్టి మక్కీకి మక్కీ దించితే కేసవుతుంది. అందుకని ఒక జట్టు ఆ ప్రోగ్రామ్ చదివి అది ఏమేం చేస్తుందో రాసిపెడితే, దాని ముఖం కూడా చూడని మరో జట్టు కొత్తగా రాసింది. 1982 నవంబరులో కాంపాక్ పోర్టబుల్‌ని ప్రకటించారు, వెనకే క్లోన్ల, అంటే నకలు పీసీల, వరద. 1987లో ఐబీఎం తలుపు మూయాలని చూసింది. పీఎస్‌/2 మోడళ్లలో కొత్త రకం స్లాటు పెట్టి, వాడుకోవాలంటే లైసెన్సు రుసుం కట్టమంది. మరుసటి ఏడాది కాంపాక్‌తో సహా 9 కంపెనీలు ఏకమై తమ స్లాటు తాము చేసుకున్నాయి. ఆ తర్వాత పీసీ ఎలా ఉండాలో చెప్పే మాట ఐబీఎం చేతిలో లేదు.

ఎవరి కార్డు వాళ్లు చేసుకోవచ్చంటే, ఎవరి కార్డు ఎవరిదాంతో తగవు పడుతుందో చూసే పెద్దమనిషి లేడని కూడా అర్థం. పీసీకి వచ్చే రోగాల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంది.

ప్రాసెసర్ ఒక్కటే, దాన్ని పిలిచేవి మాత్రం చాలా. కీబోర్డు మీద మీట నొక్కగానే ‘ఇటు చూడు’ అని ఒక తీగ మీదుగా సైగ వెళ్తుంది. ఆ తీగలకి ఐఆర్‌క్యూ అని పేరు. మొదటి పీసీలో అవి 8. సున్నా గడియారానిది, 1 కీబోర్డుది, 6 ఫ్లాపీది, 7 ప్రింటర్‌ది. 1989లో సింగపూర్ కంపెనీ క్రియేటివ్ సౌండ్ బ్లాస్టర్ కార్డు తెచ్చింది. అంతవరకూ బీప్ తప్ప మరో శబ్దం తెలియని చాలా పీసీలకి పాట వచ్చింది, మాట వచ్చింది. కానీ ఆ కార్డు ఫ్యాక్టరీ నుంచి 7వ తీగ మీద కూర్చుని వచ్చేది. ప్రింటర్‌దీ అదే. ఒకే తీగని ఇద్దరు లాగితే ప్రాసెసర్ ఎవరికి జవాబివ్వాలి? ఆటలో తుపాకీ పేలిన చప్పుడు ఒక్కచోటే చిక్కుకుని టకటకా మోగుతూనే ఉండేది.

విరుగుడు కార్డు మీదే ఉంది. రెండు సన్నటి లోహపు పుల్లల్ని కలుపుతూ, వేలి కొసకి అంటుకుపోయేంత చిన్న ప్లాస్టిక్ తొడుగు. పేరు జంపర్. దాన్ని పట్టకారుతో లాగి పక్క పుల్లల మీదకి మారిస్తే కార్డు 5వ తీగకి మారుతుంది. చేయి జారి క్యాబినెట్ లోపల పడిందా, దాన్ని వెతకడానికే ఓ పూట. మార్చాక ఆ సంగతి ఆటకి చెప్పాలి. ‘సెట్ బ్లాస్టర్’ అంటూ మొదలయ్యే ఓ లైన్‌లో అడ్రసు 220, ఐఆర్‌క్యూ 5, డీఎంఏ 1 అని రాసేవాళ్లు. అర్థం తెలియకపోయినా ఆ తరం కుర్రాళ్లకి అది కంఠతా వచ్చు.

మెమరీ గొడవ మరొకటి. 8088కి అడ్రసు తీగలు 20, అంటే అది చూడగలిగేది 1 ఎంబీ. అందులో 640 కేబీ ప్రోగ్రాములకి, మిగతాది తెరకీ కార్డులకీ బయోస్‌కీ పంచారు. తర్వాతి ప్రాసెసర్లు ఎన్నో ఎంబీలు చూడగలిగినా డాస్ మాత్రం ఆ 640 గీత దాటలేదు. మౌస్ డ్రైవరు, సీడీ డ్రైవరు చాలాసార్లు అందులోనే సర్దుకోవాలి. అందుకే ఆటకో బూట్ ఫ్లాపీ. ఈ ఆటకి మౌస్ వద్దు తీసెయ్, ఆ ఆటకి సీడీ వద్దు తీసెయ్. ఆఫీసుల్లో కంప్యూటర్ వాడినవాళ్లు టైపు చేయడం నేర్చుకున్నారు. ఆటలాడినవాళ్లు కంప్యూటర్నే నేర్చుకున్నారని నా నమ్మకం.

1992లో ఇంటెల్ తెచ్చిన పీసీఐ పద్ధతితో జంపర్లకి కాలం చెల్లడం మొదలైంది. ఎవరికేం కావాలో కార్డుల్ని అడిగి పంచే పని మిషనే తీసుకుంది. 1996లో యూఎస్‌బీ వచ్చింది. దాన్ని రూపొందించిన ఇంటెల్ బృందంలో ముఖ్యుడు అజయ్ భట్, బరోడాలో ఇంజనీరింగ్ చదివినవాడు. గుచ్చితే చాలు పనిచేస్తుందన్న ఈ ధీమాకి 1998 ఏప్రిల్లో షికాగో కామ్‌డెక్స్ ప్రదర్శనలో ఓ పరీక్ష ఎదురైంది. వేదిక మీద బిల్ గేట్స్ ఉండగా, ఇంకా విడుదల కాని విండోస్ 98కి ఓ స్కానర్ తగిలించారు. తెరంతా నీలమైపోయింది. హాలు హాలంతా నవ్వులు.

ఆ గొడవలు సర్దుకునేసరికి కొత్తవి వచ్చాయి. వేడి, కరెంటు.

5150లో కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్ ఇవ్వగలిగింది 63.5 వాట్లు. మిషన్ మొత్తానికీ అంతే. 8088 నెత్తి మీద ఫ్యాను కాదు కదా, వేడి లాగే హీట్‌సింక్ కూడా లేదు. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 450 వాట్లు తాగుతుంది. స్లాటు నుంచి ఇవ్వగలిగేది 75 వాట్లే కాబట్టి తక్కినదంతా విడి కేబుల్ మీద రావాలి. ఆ కేబుల్‌కి పెట్టిన కొత్త రకం కనెక్టరు కొన్నిచోట్ల కరిగిపోయింది. చివరిదాకా నొక్కి పెట్టకపోవడం వల్లేనని ఆ కార్డు కంపెనీ అంది. అంత కరెంటు పోయే చోట మిల్లీమీటరు వదులు కూడా లెక్కే.

వేడికి చిప్ ఏమవుతుందో 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే వెబ్‌సైట్ వీడియో తీసి చూపించింది. నడుస్తున్న మిషన్లలో హీట్‌సింక్ ఊడదీశారు. పెంటియం 4 తనంతట తాను వేగం తగ్గించుకుని ఆట నడిపిస్తూనే ఉంది. ఏఎండీ అథ్లాన్ క్షణాల్లో పొగైంది. ఇప్పుడు ఏ ప్రాసెసరూ అలా చావదు. 100 డిగ్రీల చేరువకి రాగానే నెమ్మదిస్తుంది. అందుకే ఈనాటి జబ్బు పొగ రూపంలో బయటపడదు, నత్తనడకగా కనిపిస్తుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో గది గాలే 40 దాటితే, దుమ్ము పట్టిన హీట్‌సింక్‌కి ఊదడానికి చల్లగాలి ఎక్కడిది? ఆట మొదలైన పావుగంటకి ఫ్రేములు పడిపోతున్నాయంటే కొత్త కార్డు కొనేముందు బ్లోయరు పెట్టి దుమ్ము ఊదించండి, ఎండిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది పూయించండి.

2000 తర్వాత కొన్నేళ్లు మదర్‌బోర్డులకి ఓ అంటురోగం వచ్చింది. ప్రాసెసర్ పక్కన నిలబడి ఉండే గుండ్రటి కెపాసిటర్ల టోపీలు ఉబ్బి, చీలి, గోధుమరంగు చెమ్మ కారేది. లోపలి ద్రావణం నాసిరకం. పొద్దున్నే మిషన్ ఓ పట్టాన ఆన్ కాదు, నాలుగైదు సార్లు నొక్కితే వస్తుంది, పని మధ్యలో దానంతటదే రీస్టార్ట్. వైరస్ అనుకుని ఫార్మాట్ కొట్టించినవాళ్లు ఎందరో. మూత విప్పి టార్చి వేస్తే కంటికి కనిపించే రోగం అది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ (అందరి నోటా సీటీసీ) లాంటి చోట రిపేరు బల్ల ముందు కాసేపు నిలబడితే ఎక్కువసార్లు వినిపించే మాట ‘డిస్‌ప్లే వస్తలేదన్నా’. ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, తెర నల్లగా ఉంటుంది. పవర్ రాగానే ప్రాసెసర్ బయోస్ దగ్గరికి వెళ్లి, మెమరీ ఉందా, తెర కార్డు ఉందా అని ఒక్కొక్కటీ తడిమి చూస్తుంది. తెరే లేకపోతే ఆ కబురు తెర మీద ఎలా చెప్తుంది? అందుకే 1981 నుంచీ బీపులు. ఒక పొట్టి బీప్ అంటే అంతా క్షేమం, ఒక పొడుగు రెండు పొట్టి అంటే తెర కార్డు చూడమని. ఇప్పటి చాలా బోర్డుల మీద ఆ పని నాలుగు చిన్న లైట్లు చేస్తున్నాయి.

బల్ల దగ్గరి మనిషి ముందు ర్యామ్ పీకుతాడు. బడిపిల్లల రబ్బరుతో దాని బంగారు పళ్లని రెండువైపులా రుద్ది, పొట్టు ఊది, క్లిక్‌మనేదాకా నొక్కుతాడు. చూసేవాళ్లకి మంత్రంలా ఉంటుంది. ఆ బంగారు పూత చాలా పల్చన, దాని మీద దుమ్ము, వేళ్ల జిడ్డు చేరితే కొన్ని కాంటాక్టులు తగలవు. నన్నడిగితే సగం పని రబ్బరుది కాదు, తీసి మళ్లీ పెట్టడానిదే. అప్పటికీ రాకపోతే, ప్రాసెసరే తెర నడపగలిగే రకమైతే గ్రాఫిక్స్ కార్డు తీసేస్తాడు, ర్యామ్ ఒక్కటే ఉంచుతాడు, డిస్కులన్నీ ఊడదీస్తాడు. ప్రాసెసర్, ఒక ర్యామ్, ఎస్‌ఎంపీఎస్. ఈ మూడింటితో ప్రాణం వస్తే ఒక్కొక్కటే తిరిగి కలుపుతూ పోవడం, ఏది కలిపినప్పుడు చచ్చిందో అదే దొంగ. ఒకేసారి రెండు మార్చేవాడికి ఏది దొంగో ఎప్పటికీ తేలదు. డీడీఆర్5 బోర్డుల్లో ఇంకో చిక్కుంది. కొత్త ర్యామ్ పెట్టాక మొదటిసారి ఆన్ చేస్తే, దానికి తగిన సమయాలు సరిచూసుకోవడానికి మిషన్ నిమిషాల తరబడి నల్లతెరతో ఉండిపోగలదు. అప్పుడు కంగారుపడి ప్లగ్ పీకితే మళ్లీ మొదటికే.

అప్‌గ్రేడ్‌లో డబ్బులు పోయేది ఎక్కడ ఆలస్యమవుతోందో చూడకుండా కొన్నప్పుడే. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే హార్డ్‌డిస్కుకి ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. తల జరగడం కూడా కలుపుకుంటే చెల్లాచెదురుగా ఉన్న ఫైళ్లని సెకనుకి వంద సార్లు కూడా అందుకోలేదు. ఎస్‌ఎస్‌డీకి అలాంటి పని మిల్లీసెకనులో పదో వంతు. పదేళ్లనాటి ఆఫీసు మిషన్‌కి ప్రాసెసర్ మార్చక్కర్లేదు, ఇదొక్కటి వేస్తే లేచి కూర్చుంటుంది. విండోస్ 11 ఒప్పుకోకపోవడం మాత్రం వేగానికి సంబంధించని మరో పేచీ. ఆటల సంగతి వేరు. రిజల్యూషన్ తగ్గించి చూడండి. ఫ్రేములు పెరిగితే గ్రాఫిక్స్ కార్డు చాలడం లేదు, అక్కడే ఉంటే ప్రాసెసర్ చాలడం లేదు. పైసా ఖర్చు లేని పరీక్ష. 3200 అని రాసున్న ర్యామ్ కొని, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేయక 2400 దగ్గర నడిపిస్తున్నవాళ్లు, వేలు పోసి కార్డు కొని మానిటర్ కేబుల్‌ని మదర్‌బోర్డుకే గుచ్చినవాళ్లు మనచుట్టూ బోలెడంతమంది ఉన్నారు.

అయితే ఈ స్లాట్లకే ఇప్పుడు భౌతికశాస్త్రం అడ్డు పడుతోంది. 5150 గడియారం 4.77 మెగాహెర్ట్జ్, అంటే ఒక్కో టిక్కుకి 210 నానోసెకన్లు. బోర్డు మీది రాగి గీతలో సిగ్నల్ నానోసెకనుకి దాదాపు 15 సెంటీమీటర్లు పోతుంది. అంటే ఒక టిక్కులో 30 మీటర్లకి పైగా. స్లాటు నాలుగు అంగుళాలు అటున్నా ఇటున్నా తేడా లేదు. ఇప్పటి మెమరీ సెకనుకి 8,000 మిలియన్ సార్లు మాట్లాడితే ఒక్కో బిట్ బతికేది 0.125 నానోసెకను, అందులో సిగ్నల్ పోయేది రెండు సెంటీమీటర్లలోపు. మధ్యలో సాకెట్ అతుకు వస్తే అక్కడ సిగ్నల్ కొంత వెనక్కి కొట్టి, తర్వాతి బిట్‌ని పాడుచేస్తుంది. ప్రాసెసర్ పక్కనే మెమరీని టంకం వేసి అతికించేస్తే ఆ బాధ లేదు. లాప్‌టాప్‌లలో ర్యామ్ మార్చుకోలేకపోవడానికి కంపెనీల లాభాపేక్ష ఒక కారణమే, కానీ అదొక్కటే కాదు.

దాదాపు ప్రతి భాగమూ స్క్రూడ్రైవరుతో విప్పి మార్చుకునే లాప్‌టాప్‌లతో పేరు తెచ్చుకున్న ఫ్రేమ్‌వర్క్ కంపెనీ 2025 ఫిబ్రవరిలో తన తొలి డెస్క్‌టాప్ ప్రకటించింది. అందులోని ఏఎండీ చిప్ మెమరీతో సెకనుకి 256 జీబీ చొప్పున మాట్లాడుతుంది. మామూలు డెస్క్‌టాప్‌లో డీడీఆర్5 5600 ర్యామ్ రెండు పెట్టినా అది 90 జీబీ దగ్గరే. ర్యామ్ ఊడదీసుకునేలా పెట్టడానికి ఏఎండీతో కలిసి ప్రయత్నించామని, సిగ్నల్ నిలబడలేదని కంపెనీ చెప్పింది. మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్, ఫ్యాను బజారులో దొరికే మామూలు కొలతలవే, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ర్యామ్ 32 జీబీనా, 64నా, 128నా అన్నది మాత్రం కొనే రోజే తేల్చుకోవాలి.