కాపురం తగవు, ఇంటి మీద అప్పు



హోసూరు, సూళగిరి, డెంకణికోట వైపు నేల ధర పెరిగింది. ధర పెరిగిన నేల మీద అప్పు కూడా సులభంగా పుడుతుంది. భార్యాభర్తల మధ్య కేసు నడుస్తూ ఉంటుంది. ఇల్లు ఇద్దరి పేరా ఉంటుంది. ఈలోగా భర్త వ్యాపారానికని అప్పు చేస్తాడు. ఆ అప్పుకు ఇల్లంతా పోతుందా? ఈ సంగతి ఈ రోజు తెలుసుకుందాం.

మన చట్టంలో పెళ్లయినంత మాత్రాన ఇద్దరి ఆస్తీ ఒకటైపోదు, అప్పూ ఒకటైపోదు. భర్త ఒక్కడే చేసిన అప్పుకు అప్పిచ్చినవాడు అతని వాటానే పట్టుకోగలడు. అయితే భార్య కూడా జామీను సంతకం పెట్టి ఉంటే ఆ అప్పు ఆమె మీదా పడుతుంది. తరువాత ‘భర్తే తీర్చాలి’ అని వారిద్దరి కేసులో తీర్పు వచ్చినా, బ్యాంకు ఇద్దరినీ అడగవచ్చు. మన వైపు కాగితాలు తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. చదివించుకొని, అర్థం తెలుసుకొన్న తరువాతే సంతకం పెట్టాలి.

కోర్టులో ఉన్న ఆస్తిని ఎవరూ ముట్టుకోలేరని చాలామంది ధీమా. అది సగమే నిజం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షను ప్రకారం, దావా నడుస్తుండగా ఆస్తిని కొన్నవారూ తాకట్టు పట్టినవారూ తీర్పుకు లోబడాలి. కాని ఆ దావాలో ఇంటి హక్కు నేరుగా అడిగి ఉండాలి. ఉత్త విడాకుల అర్జీ చాలదు. దావాకు ముందే పెట్టిన తాకట్టుకు ఈ సెక్షను అడ్డం రాదు. పైగా ఇది కొత్త తాకట్టును ఆపదు, తరువాత పోరాడే హక్కును మాత్రం నిలుపుతుంది.

ఆపాలంటే కోర్టును వేరుగా అడగాలి. తీర్పు వచ్చేదాకా అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు అని తాత్కాలిక నిషేధపు ఉత్తరువు తెచ్చుకోవాలి. హింసకు గురైన భార్యకు 2005 నాటి గృహహింస చట్టం 19వ సెక్షను కింద, కాపురమున్న ఇంటి విషయంలో మేజిస్ట్రేటు కూడా ఇటువంటి ఉత్తరువు ఇవ్వగలరు. దాని నకలు సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకూ బ్యాంకుకూ అందించి రసీదు తీసుకోండి. అప్పుడప్పుడు విల్లంగం సర్టిఫికెట్టు తీసి చూడండి. అయితే ప్రోనోటు అప్పులు అందులో కనబడవని గుర్తుంచుకోండి.

అన్నదమ్ముల ఉమ్మడి ఇంట్లోనూ ఇంతే. ఒకరు అప్పు తీర్చుకోవడానికి తన వాటాను బయటివాడికి అమ్మినా, కుటుంబం కాపురమున్న ఇంట్లో వచ్చి కూర్చునే హక్కు అతనికి రాదు. అతను భాగానికి దావా వేస్తే, 1893 నాటి విభజన చట్టం 4వ సెక్షను కింద, కోర్టు కట్టిన ధర చెల్లించి ఆ వాటాను ఇంటివారే తీసుకోవచ్చు. కుటుంబ అవసరానికి ఇంటి కర్త చేసిన అప్పు సంగతి మాత్రం వేరు. అది ఉమ్మడి ఆస్తి అంతటి మీదా పడుతుంది.

ఖర్చుకు భయపడి ఊరుకోవద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ఆడవారికి, ఆదాయం ఎంతున్నా, ఉచిత న్యాయ సహాయం ఇచ్చింది. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. తగవు ఎన్నాళ్లకు తీరినా, అంతదాకా పిల్లలకు తలదాచుకునే ఇల్లు నిలవాలి. అందుచేత నిషేధపు అర్జీని దావాతో పాటే వేయండి, ఇల్లు తాకట్టు పడ్డాక కాదు.