అక్కడ పోలింగు, ఇక్కడ ఏకగ్రీవం

2025 మే 2 రాత్రి అల్లూరులో మా ఇంటి అరుగు మీద కూర్చొని ఉండగా కాంటర్‌బరీ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. అక్కడ ఎమ్మెస్సీ చదువుతున్నాడు. ‘ఓడిపోయాం మామా’ అన్నాడు. ముందురోజు జరిగిన కెంట్ కౌంటీ కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు వేశాడట. కామన్వెల్త్ దేశాల పౌరులు బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసిస్తుంటే ఓటరుగా నమోదు కావచ్చు. ఒక మాలపల్లెలో పుట్టిన పిల్లవాడు స్థానిక ఎన్నికల్లో వేసిన తొలి ఓటు అది. జిల్లాలోనే మరో మండలంలో ఉన్న వాడి సొంత ఊళ్లో 2021లో పరిషత్ పోలింగు నాటికి వాడికి ఓటు హక్కు వచ్చింది. కానీ అప్పటికి ఏడాది ముందే అక్కడి ఎంపీటీసీ స్థానం ఏకగ్రీవమైపోయింది.

కెంట్‌లో వాడు వేసిన ఓటు నిలవలేదు. 81 స్థానాల్లో రిఫార్మ్ యూకే 57 గెలుచుకుంది. 1997 నుంచి ఏలుతూ, 2021లో 62 స్థానాలు గెలిచిన కన్జర్వేటివ్‌లకు మిగిలినవి 5. గెలిచినది వలసలను అరికట్టాలనే పార్టీ. మావాడు సంతోషించదగిన ఫలితం కాదది. ఇంగ్లండును ఆదర్శమనీ నేననను. కులవివక్షను సమానత్వ చట్టం కిందికి తెమ్మని 2013లో పార్లమెంటు చెప్పినా, 2018లో అక్కడి ప్రభుత్వం ఆ పని చేయనని తేల్చేసింది. అయినా ఇరవై ఎనిమిదేళ్ల అధికారం ఒక్కరోజు ఓటుతో కూలడం చిన్న విషయం కాదు. అటువంటి రోజు మన జిల్లా పరిషత్తులకు ఎందుకు రాదు?

2020 మార్చిలో నామినేషన్లు వేయించి, కరోనాతో ఆపి, 2021 ఏప్రిల్ 8న పోలింగు జరిపి, సెప్టెంబరు 19న ఓట్లు లెక్కించారు. రాష్ట్రంలో 10,047 ఎంపీటీసీ స్థానాలకు 2,371 ఏకగ్రీవం. 660 జడ్పీటీసీ స్థానాలకు 126 ఏకగ్రీవం. పోలింగు జరిగిన 515 జడ్పీటీసీ స్థానాల్లో 500కు పైగా అధికార పార్టీవే. ప్రధాన ప్రతిపక్షం ఎన్నికలను బహిష్కరించింది కనుక ఈ అంకెను ఘనవిజయమని చెప్పుకోవడం అతిశయమే. నన్ను కలవరపెట్టేది 2,371. దాదాపు నాలుగో వంతు స్థానాల్లో ఓటరుకు పనే లేకపోయింది. ఏకగ్రీవమంటే ఊరంతా ఒక్కమాట మీద ఉండడమని మనం చదువుకున్నాం. ఊరికీ పల్లెకూ మధ్య డొంక అలాగే ఉండగా ఆ ఒక్కమాట ఎవరి నోటి నుంచి వచ్చిందో అడగవద్దా?

నెల్లూరు జిల్లా పరిషత్ అధ్యక్ష పీఠం చూడండి. 2006లో కాకాణి గోవర్ధన్ రెడ్డి, 2014లో బొమ్మిరెడ్డి రాఘవేంద్రరెడ్డి, 2021లో ఆనం అరుణమ్మ. వారి ఎన్నిక చట్టబద్ధమే, వ్యక్తులుగా వారిమీద నాకు ఫిర్యాదు లేదు. జెండా కాంగ్రెస్ నుంచి వైఎస్సార్ కాంగ్రెస్‌కు మారింది. సామాజికవర్గం మారలేదు. ఫలితాల పట్టికలో పార్టీకి గడి ఉంటుంది, కులానికి ఉండదు. అందుచేత ఈ నిలకడ ఎవరి కంటా పడదు.

రిజర్వేషన్లు ఉన్నాయి గదా అంటారు. 1889లో లండన్ కౌంటీ కౌన్సిల్ తొలి ఎన్నికల్లో లేడీ శాండ్‌హర్స్ట్ గెలిచింది. ఓడిన బెరెస్‌ఫర్డ్ హోప్ కోర్టుకెక్కాడు. స్త్రీకి ఓటుందిగాని సభ్యురాలయ్యే అర్హత లేదని చెప్పి, కోర్టు ఆ స్థానాన్ని అతడికే ఇచ్చింది. 1907 దాకా ఆ అడ్డు తొలగలేదు. మన చట్టం తీరు వేరు. 73వ సవరణ మనకు కుర్చీ ఇచ్చింది. కూర్చున్నవారి సంతకం మాత్రం తరచుగా మరొకరి చేతిలో ఉంటుంది. ఎస్టీ స్థానం వచ్చిన చోట యానాది మహిళ చేత నామినేషన్ వేయించి, డిపాజిట్ కట్టి, గెలిచాక సమావేశానికి మోటారు సైకిల్ మీద తీసుకొచ్చే పెద్దమనిషిని నేను చూశాను. ఆయన బయట కాదు, లోపలే కూర్చున్నాడు. ఆమె కుర్చీ అంచున కూర్చుంది.

వెనుకబడిన కులాల వాటా మరీ కుంచించుకుపోయింది. బీసీలకు 34 శాతంతో కలిపి మొత్తం 59.85 శాతం రిజర్వేషన్లను 2020 మార్చి 2న హైకోర్టు కొట్టివేసింది. 2010 నాటి కృష్ణమూర్తి కేసులో సుప్రీంకోర్టు విధించిన 50 శాతం పరిమితే ఆధారం. ఎస్సీ 19.08, ఎస్టీ 6.77 పోగా బీసీలకు మిగిలింది 24.15. ఉద్యోగాల్లో బీసీలకు ఏ, బీ అంటూ వర్గాలున్నాయి, పరిషత్ స్థానాలకు అవి లేవు. మా మండలంలోని ఇస్కపల్లి వంటి తీరగ్రామాల పట్టపు మత్స్యకారులు ఏ వర్గంవారు. ఆ 24.15లో వారి వంతు ఎంతో ఏ పట్టికా చెప్పదు. ఉద్యోగాల్లో పాటించే వర్గీకరణను బీసీ స్థానాల కేటాయింపులోనూ పాటించాలని అడగడానికి ఇదే సమయం. ఏకగ్రీవమైన ప్రతి స్థానం ఏ కోటాదో, ఎవరెవరు నామినేషన్ ఉపసంహరించుకున్నారో ఎన్నికల సంఘం ఊరి చావడిలో అంటించాలని కూడా అడగాలి.

ఇప్పటి పరిషత్తుల గడువు 2026 సెప్టెంబరుతో తీరుతుంది. ఆ రాత్రి ఫోన్ పెట్టేసే ముందు మేనల్లుడు, ‘ఈసారి మా ఊరి సీటు ఎవరికి రిజర్వు అవుద్ది మామా?’ అని అడిగాడు. జాబితా ఇంకా రాలేదన్నాను.

‘ఎవరికి వస్తే ఏముందిలే. పోలింగు జరుగుద్దా?’ అన్నాడు.