వాట్లు చూసి కొనకూడని ఆంప్లిఫయర్

హోమ్ థియేటర్ కొనడానికి వెళ్లినవారు దుకాణంలో ముందుగా అడిగేది ‘ఎన్ని వాట్లు?’ అని. కోన్ స్పీకర్లు కొనేవారు అలా అడిగితే పెద్ద నష్టమేమీ లేదు. ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లకు ఆంప్లిఫయర్ ఎంచుకునేటప్పుడు మాత్రం ఆ ప్రశ్న దారి తప్పిస్తుంది. వాట్లనేవి వేడిగానో శబ్దంగానో ఖర్చయిపోయే శక్తికి కొలత. ఈ స్పీకరేమో విద్యుత్తు దృష్టిలో దాదాపు ఒట్టి కెపాసిటర్. కెపాసిటర్ తీసుకున్నది తినెయ్యదు, చేబదులు పుచ్చుకున్నట్టు మళ్లీ తెచ్చి ఇచ్చేస్తుంది. అలా తిరిగొచ్చినదాన్ని ఆంప్లిఫయర్‌లోని ట్రాన్సిస్టర్లే వేడిగా అరిగించుకోవాలి. కాబట్టి ఎంత ఇవ్వగలదన్న దానికంటే, తిరిగొచ్చినదాన్ని ఎంత నిబ్బరంగా తట్టుకుంటుందన్నదే ఇక్కడ అసలు పరీక్ష.

అన్ని స్వరాలనూ ఎలక్ట్రోస్టాటిక్ పద్ధతిలోనే పలికించే స్పీకర్లలో మార్కెట్లోకి వచ్చిన తొలిది క్వాడ్ ఈఎస్ఎల్. ఇంగ్లండులోని హంటింగ్డన్‌లో పీటర్ వాకర్ కంపెనీ దాన్ని 1957లో అమ్మకానికి పెట్టింది. చిల్లులున్న రెండు పలకల మధ్య వెంట్రుక కంటే పల్చటి ప్లాస్టిక్ పొరను బిగించి, దానికి స్థిరమైన విద్యుదావేశం (బయాస్) ఇస్తారు. ఆ స్పీకర్లో మంద్రస్వరాల పొరలకు 6,000 వోల్టులు, తారస్వరాల పొరకు 1,500 వోల్టులు. పాట తాలూకు వోల్టేజి పలకల మీదికి రాగానే పొర మొత్తం ఒక్కసారిగా కదులుతుంది. లాగడానికి కాయిల్ లేదు, మోయడానికి కోన్ బరువు లేదు. ఆ తేట శబ్దం అలా వచ్చిందే. అయితే పలకలకు వేల వోల్టులు కావాలి, ఆంప్లిఫయర్ ఇచ్చేది పదుల్లోనే. అందుకని స్పీకరు లోపలే వోల్టేజి పెంచే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. పలకల కెపాసిటెన్స్ 400 పికోఫారడ్లు, ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని 100 రెట్లు పెంచేది అనుకుందాం. ట్రాన్స్‌ఫార్మర్ అవతల ఉన్న కెపాసిటర్ ఇవతలి నుంచి చూస్తే ఆ నిష్పత్తి వర్గమంత, అంటే 10,000 రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. ఆంప్లిఫయర్ మోయాల్సింది 4 మైక్రోఫారడ్లు. దాని నిరోధం 200 హెర్ట్జ్ దగ్గర సుమారు 200 ఓమ్‌లు, 1,000 హెర్ట్జ్ దగ్గర 40, 20,000 హెర్ట్జ్ దగ్గర 2 ఓమ్‌లే. అసలు స్పీకర్లలో ట్రాన్స్‌ఫార్మర్ గుణాలు కూడా కలిసి ఈ గీత ఇంత నున్నగా ఉండదు గానీ, పోకడ మాత్రం ఇదే. పైకొసన 1 ఓమ్ దరిదాపులకు దిగే మోడళ్లూ ఉన్నాయి. పెట్టె మీద ‘8 ఓమ్‌ల దగ్గర 100 వాట్లు’ అని రాసి ఉంటే, ఇందులో ఏ స్వరానికీ అది పూర్తిగా వర్తించదు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. సంగీతంలో బలమంతా కింది, మధ్య స్వరాల్లోనే ఉంటుంది, 20,000 హెర్ట్జ్ దగ్గర ఉండేది అతి స్వల్పం, మరి అక్కడ 2 ఓమ్‌లైతే ఏమిటి అని. కరెంటు వరకు ఈ మాట నిజమే. 100 వాట్ల ఆంప్లిఫయర్ 8 ఓమ్‌లకిచ్చే 28 వోల్టులను ఆ 2 ఓమ్‌ల మీద పెడితే 14 ఆంపియర్లు లాగుతుంది. నిజమైన పాటలో అక్కడి వోల్టేజి అందులో పదోవంతే అనుకున్నా 1.4 ఆంపియర్లు చాలు. అయితే మిగతా రెండు చిక్కులు శబ్దం చిన్నదైనంత మాత్రాన పోవు. ఆంప్లిఫయర్లు తాము పంపిన దాన్ని వెనక్కి తెచ్చి సరిచూసుకునే ఫీడ్‌బ్యాక్ మీద నడుస్తాయి. కెపాసిటర్ ఆ కబురును ఆలస్యం చేస్తుంది. ఆలస్యం హద్దు దాటితే దిద్దుబాటే అల్లరిగా మారి, చెవికి వినపడని పౌనఃపున్యంలో ఆంప్లిఫయర్ తనలో తాను ఊగిపోతుంది. రెండో చిక్కు ఆంప్లిఫయర్ అంతర్నిరోధం. అది 2 ఓమ్‌లుంటే మన ఉదాహరణలో 20,000 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్‌లు, 10,000 దగ్గర దాదాపు 1 డెసిబెల్ తగ్గుతుంది. తంబుర జీరలోనూ తాళాల మెరుపులోనూ ఆ తేడా తెలుస్తుంది.

వాల్వు ఆంప్లిఫయర్లతోనే ఈ స్పీకర్లు పేరు తెచ్చుకున్నాయి కదా అనేవారూ ఉన్నారు. అవును, వాకర్ స్పీకరుకు తోడుగా ఉన్నది 15 వాట్ల క్వాడ్ 2. అది నెగ్గింది వాల్వుల మహిమ వల్ల కాదు, వోల్టేజి హద్దులో ఉండటం వల్ల. ఆ ఈఎస్ఎల్ తట్టుకోగలిగింది 33 వోల్టుల శిఖరం వరకే. 1975లో అదే కంపెనీ తెచ్చిన 100 వాట్ల క్వాడ్ 405 అయితే 40 దాకా పోగలదు. హద్దు దాటితే గాలిలో నిప్పురవ్వ ఎగిరి పొరకు చిల్లు పడుతుంది. 1981 నాటి ఈఎస్ఎల్-63లో దీనికి కాపలా పెట్టారు. ప్రమాదం పసిగట్టగానే అది స్పీకరు ఇన్‌పుట్‌నే షార్ట్ చేసేస్తుంది. స్పీకరు బతుకుతుంది సరే, ఆ షార్ట్‌ను భరించే ఓపిక ఆంప్లిఫయర్‌కు ఉండాలి కదా!

ఇక హోమ్ థియేటర్. ఏడు ఛానెళ్లకు ఒకే విద్యుత్ సరఫరా పంచే రిసీవర్‌కు ఈ బరువు అప్పగించడం నాకు నచ్చదు. మంద్రస్వరాలను సబ్‌వూఫర్‌కు మళ్లిస్తే సరిపోదా అంటే, దానివల్ల పొర ఊపు, వోల్టేజి తగ్గుతాయి, అది లాభమే. కానీ కష్టపెట్టే 2 ఓమ్‌లు ఉన్నది పైకొసన. రిసీవర్‌కు ప్రీ-అవుట్ (బయటి ఆంప్లిఫయర్‌కు సిగ్నల్ పంపే సాకెట్) ఉంటే ముందరి రెండు స్పీకర్లకు విడిగా, తక్కువ అంతర్నిరోధమున్న ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ పెట్టుకోవడం మేలు. స్విచ్‌లా తెరుచుకుంటూ మూసుకుంటూ పనిచేసే క్లాస్-డీ రకమైతే, ఫీడ్‌బ్యాక్‌ను చివరి ఫిల్టర్ దాటాక తీసుకునేదై ఉండాలి. ఫిలిప్స్‌లో ఉండగా బ్రూనో పుట్జీస్ రూపొందించిన పద్ధతి అలాంటిదే. లేకపోతే ఫిల్టరూ స్పీకరూ కలిసి పైస్వరాల్లో లేని మెరుపు పుట్టిస్తాయి.

అనకాపల్లి జిల్లా రావికమతంలాంటి చోట ఇంకో లెక్క కూడా చూసుకోవాలి. ఎండాకాలంలో నిరంతరం వేడెక్కే క్లాస్-ఏ ఆంప్లిఫయర్ అక్కడి గదికి భారమే. వానాకాలంలో పలకల మీది దుమ్ము చెమ్మ పీల్చుకుంటే పొర మీది ఆవేశం ఆ దారిన కారిపోతుంది, శబ్దం నీరసిస్తుంది. లో వోల్టేజి వచ్చినప్పుడు, స్థిరపరిచే ఏర్పాటు లేని మోడళ్లలో బయాస్ కూడా పడిపోతుంది. అప్పుడు తప్పు ఆంప్లిఫయర్ మీదికి నెట్టి ఇంకా పెద్దది తెచ్చి వాల్యూమ్ పెంచారనుకోండి, స్పీకరు వోల్టేజి హద్దు దాటడానికి ఎంతో సేపు పట్టదు. ముందు దుమ్ము దులిపించి, బయాస్ కొలిపించాలి. అదీ అలవాటున్న మెకానిక్ చేతే, ఎందుకంటే ప్లగ్ తీసేసినా ఆ వేల వోల్టులు లోపల కాసేపు నిలిచే ఉంటాయి.