అధిక రక్తపోటు – అధివృక్క హార్మోనుల పాత్ర

అధిక రక్తపోటు ఉన్నవారిలో ఎక్కువమందికి ఫలానా కారణమని ఒకదాన్ని చూపలేం. కొందరిలో మాత్రం కారణాన్ని గుర్తించి, తొలగించవచ్చు. అటువంటి కారణాలలో అధివృక్క హార్మోనులు ముఖ్యమైనవి. మూత్రపిండాలపై టోపీల మాదిరిగా ఉండే అధివృక్క గ్రంథుల వెలుపలి భాగాన్ని వల్కలం, లోపలి భాగాన్ని దవ్వ అంటారు.

1. ఆల్డోస్టిరాన్

దీన్ని వల్కలం స్రవిస్తుంది. ఇది వృక్క నాళికల చివరి భాగాలపై పనిచేసి సోడియం పునఃశోషణను, పొటాషియం విసర్జనను పెంచుతుంది. సోడియం వెంట నీరు కూడా రక్తంలోకి చేరుతుంది. అందువల్ల రక్త పరిమాణం, దానితోపాటు రక్తపోటు పెరుగుతాయి.

ఆరోగ్యవంతులలో ఈ చర్య అదుపులో ఉంటుంది. రక్తపోటు తగ్గినప్పుడు మూత్రపిండాలు రెనిన్‌ను విడుదల చేస్తాయి. దాని చర్య ఫలితంగా ఏర్పడే ఆంజియోటెన్సిన్-2, ఆల్డోస్టిరాన్ స్రావాన్ని ప్రేరేపిస్తుంది. రక్తపోటు పెరిగితే రెనిన్ తగ్గి, ఆల్డోస్టిరాన్ కూడా తగ్గుతుంది.

2. కాన్ సిండ్రోమ్

అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యుడు జెరోమ్ కాన్ 1955లో ఒక రోగి వివరాలను ప్రచురించాడు. ఆమెకు అధిక రక్తపోటు, కండరాల బలహీనత ఉన్నాయి. రక్తంలో పొటాషియం తక్కువగా ఉంది. అధివృక్క గ్రంథిలోని కణితిని తొలగించిన తరువాత ఆమె కోలుకుంది.

ఈ వ్యాధిలో రెనిన్ తగ్గినా ఆల్డోస్టిరాన్ తగ్గదు. అందుకే రక్తంలో ఈ రెండింటి నిష్పత్తిని పరీక్షిస్తారు. పొటాషియం మామూలుగా ఉన్నంత మాత్రాన ఈ వ్యాధి లేదని చెప్పలేం. లోపం ఒక గ్రంథిలోనే ఉంటే దాన్ని తొలగిస్తారు. రెండింటిలోనూ ఉంటే ఆల్డోస్టిరాన్ చర్యను అడ్డుకునే స్పైరొనొలాక్టోన్ వంటి మందులు ఇస్తారు.

3. కార్టిసాల్

ఇదీ వల్కల హార్మోనే. ఆల్డోస్టిరాన్ గ్రాహకాలకు ఇది కూడా అతుక్కోగలదు. అయితే మూత్రపిండంలోని ఒక ఎంజైమ్ దీన్ని నిష్క్రియం చేస్తుంది. కుషింగ్ సిండ్రోమ్‌లో కార్టిసాల్ మరీ ఎక్కువైతే ఈ ఎంజైమ్ చాలదు. అతిమధురంలోని గ్లిసిరైజిన్ ఇదే ఎంజైమ్‌ను నిరోధిస్తుంది. కాబట్టి అతిమధురాన్ని ఎక్కువకాలం, ఎక్కువ మోతాదులో తీసుకుంటే రక్తపోటు పెరగవచ్చు.

4. దవ్వ హార్మోనులు

ఎడ్రినలిన్, నార్ఎడ్రినలిన్‌లు గుండె వేగాన్ని పెంచి, రక్తనాళాలను సంకోచింపజేస్తాయి. దవ్వలో ఏర్పడే ఫియోక్రోమోసైటోమా అనే కణితి వీటిని అధికంగా విడుదల చేస్తుంది. అప్పుడు తలనొప్పి, చెమటలు, గుండెదడ అకస్మాత్తుగా వస్తాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

రక్తపోటు ఎక్కువగా ఉన్న ఒక వ్యక్తిలో రెనిన్ తక్కువగా, ఆల్డోస్టిరాన్ ఎక్కువగా ఉన్నాయి. ఈ రెండూ కలిసి దేన్ని సూచిస్తాయి? కారణం రాయండి.