ఒక డిస్కు చెడినను చెడని సమాచారము

హైదరాబాదు నగరము నుండి ఆరాంఘర్ చౌరస్తాకు వచ్చుటకు మెహిదీపట్నము వైపున రెండు త్రోవలున్నవి. ఒకటి నేలమీది రోడ్డు. రెండవది 2009 అక్టోబరులో ప్రారంభమైన పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే. స్తంభములపై సుమారు 11.6 కిలోమీటర్లు సాగు ఈ వంతెన ఆరాంఘర్ వద్ద నేలకు దిగును. పైదారిలో బండి ఆగిపోయినచో క్రింది దారి కలదు. క్రింది దారి కిక్కిరిసినచో పైదారి కలదు. ఒకే పనికి రెండు సాధనములుంచుకొని, ఒకటి చెడినప్పుడు రెండవదానితో గడుపుకొనుట ఎంత మేలో దీనివలన తెలియును.

కాని ఆరాంఘర్ దాటిన పిమ్మట ఈ రెండు దారులును ఒక్కటియై 44వ జాతీయ రహదారిగా శంషాబాద్ వైపు సాగును. 2020 అక్టోబరు 13న కురిసిన కుండపోత వర్షమునకు గగన్‌పహాడ్ వద్ద అప్పచెరువు కట్ట తెగి, వరదనీరు ఈ రహదారిపై పడెను. రోడ్డు కోసుకొనిపోయెను, వాహనములు కొట్టుకొనిపోయెను, ప్రాణనష్టము కూడ జరిగెను. ఆరాంఘర్ వరకు రెండు దారులున్నను ఆనాడు ప్రయోజనము లేకపోయెను. అట్టి సమయమున విమానాశ్రయము చేరవలెనన్న, మరొక దిక్కునుండి వచ్చు ఔటర్ రింగ్ రోడ్డే ఆధారము.

సమాచారమును భద్రపరచు సర్వరు కంప్యూటర్లకును సరిగా ఇదే న్యాయము వర్తించును. ప్రక్క ప్రక్కనే జతపరచిన డిస్కులు ఒక విధమైన ఆపదనుండి కాపాడును. దూరమున నుంచిన ప్రతి మరొక విధమైన ఆపదనుండి కాపాడును. ఈ రెండింటికిని గల భేదమును తెలియక ఒకటున్నచో రెండవది అక్కరలేదని తలచుటచే అనేకులు సమాచారమును పోగొట్టుకొనుచున్నారు.

డిస్కు ఏల చెడును?

నేడు బ్యాంకు ఖాతాలు, భూముల పట్టాలు, ఆసుపత్రి పరీక్షల ఫలితములు, విద్యార్థుల మార్కులు అన్నియు సర్వర్లలోని డిస్కులపైననే ఉన్నవి. 1956లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన మొదటి డిస్కు యంత్రములో 24 అంగుళముల వ్యాసము గల పళ్ళెములు 50 ఉండెను. అవన్నియు కలిసి 50 లక్షల అక్షరములను మాత్రమే దాచగలిగెను. నేడు అరచేతిలో ఇముడు డిస్కు 16 టెరాబైట్లను, అనగా 16 లక్షల కోట్ల బైట్లను దాచగలదు.

ఇట్టి హార్డ్ డిస్కులో అయస్కాంత పూతగల పళ్ళెములు సాధారణముగా నిమిషమునకు 7,200 సార్లు తిరుగుచుండును. చదువు తల వాటి ఉపరితలమునకు కొన్ని నానోమీటర్ల ఎత్తున మాత్రమే తేలుచుండును. మన తలవెంట్రుక మందము పదులవేల నానోమీటర్లుండునని తలచినచో ఆ ఎడము ఎంత స్వల్పమో బోధపడును. అదరుపాటు వలన తల పళ్ళెమునకు తగిలినను, బేరింగులు అరిగినను, మోటారు నిలిచినను డిస్కు చెడును. కదిలెడు భాగములు లేని ఎస్.ఎస్.డి.లకును చావు తప్పదు. వాటిలోని కణములు కొన్ని వేల పర్యాయములు వ్రాసి చెరపిన పిమ్మట అరిగిపోవును.

సుమారు లక్ష డిస్కుల చరిత్రను పరిశీలించి బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ అను శాస్త్రజ్ఞులు 2007లో ఒక వ్యాసమును ప్రకటించిరి. ఏటేట నూటికి 2 నుండి 4 డిస్కులను మార్చవలసి వచ్చుట సర్వసాధారణమనియు, కొన్నిచోట్ల ఈ సంఖ్య 13 వరకు పోయినదనియు వారు తేల్చిరి. వేయి డిస్కులున్న గదిలో నూటికి మూడు చొప్పున లెక్కించినను సంవత్సరమునకు 30 చెడును. అనగా పన్నెండు దినములకొక డిస్కు! కనుక పెద్ద సర్వరు గదులలో డిస్కు చెడుట ప్రమాదము కాదు, నిత్యకృత్యము.

చవుక డిస్కుల కూటమి

దీనికి విరుగుడేమి? ఎన్నటికిని చెడని డిస్కును తయారుచేయుట అసాధ్యము. చెడు డిస్కులతోనే చెడని వ్యవస్థను కట్టుట సాధ్యము. 1978లో ఐ.బి.ఎం.కు చెందిన నార్మన్ కెన్ ఔచి చెడిన భాగములోని సమాచారమును తిరిగి రాబట్టు పద్ధతికి పేటెంటు పొందెను. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ శాఖకు చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ ఈ పద్ధతులను క్రమపరచి 'రెయిడ్' అను పేరు పెట్టిరి. చవుక డిస్కులను అదనముగా చేర్చి కూర్చిన కూటమి యని ఆ పేరునకు అర్థము.

ఇందు సులభమైనది అద్దము పద్ధతి. దీనిని రెయిడ్ 1 అందురు. ఒక డిస్కుపై వ్రాసినదెల్ల అదే క్షణమున రెండవదానిపై కూడ వ్రాయుదురు. ఒకటి చెడినచో రెండవది పని సాగించును. రెండు డిస్కుల ఖర్చుపెట్టి ఒక డిస్కంత చోటును మాత్రమే వాడుకొనగలుగుట దీని లోపము.

రెయిడ్ 5 పద్ధతిలో పొదుపు ఎక్కువ. దీని కీలకమును ఒక చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. మూడు చీటీలపై 7, 4, 9 అను అంకెలను వ్రాసి, నాల్గవ చీటీపై వాటి మొత్తము 20 అని వ్రాయుడు. ఇప్పుడు రెండవ చీటీ పోయినదనుకొందము. 20 నుండి 7ను, 9ని తీసివేసినచో పోయిన 4 తిరిగి లభించును. ఏ ఒక్క చీటీ పోయినను మిగిలిన మూడును దానిని తిరిగి పుట్టించును.

కంప్యూటరు ఒకట్లు, సున్నలతో లెక్కించును గనుక మొత్తమునకు బదులు 'సరి–బేసి' గుర్తును వాడుదురు. మూడు డిస్కులపై వరుసగా 1011, 0110, 1100 ఉన్నవనుకొందము. ప్రతి నిలువు వరుసలోను ఒకట్ల సంఖ్య సరిసంఖ్య అగునట్లు నాల్గవ డిస్కుపై 0001 అని వ్రాయుదురు. రెండవ డిస్కు చెడినచో మిగిలిన 1011, 1100, 0001 అనువాటి నిలువు వరుసలను చూచి, సరిసంఖ్యకు ఎచ్చట ఒకటి కొరవడినదో అచ్చట 1, కొరవడనిచోట 0 ఉంచవలెను. అప్పుడు 0110 లభించును. పోయినది అదియే గదా! నాలుగు డిస్కులలో మూడింటి చోటు మనకు దక్కును. ఒక డిస్కంత చోటు మాత్రము ఈ గుర్తులకు ఖర్చగును. వాడుకలో ఈ గుర్తులను ఒకే డిస్కుపై నుంచక అన్నింటిపైనను వంతులవారిగా పరచుదురు. రెయిడ్ 6లో ఇట్టి గుర్తులు రెండు విధములుగా లెక్కింపబడును. అందుచే రెండు డిస్కులు ఒకేసారి చెడినను సమాచారము నిలుచును.

రెయిడ్ 0 అనునది కూడ కలదు. దీనిలో సమాచారమును ముక్కలు చేసి డిస్కులన్నింటిపైనను పరచుదురు. వేగము పెరుగును గాని భద్రత లేదు. ఒక్క డిస్కు చెడినను సర్వమును పోవును.

కోలుకొను ఘడియలు

రెయిడ్ 5లో ఒక డిస్కు చెడిన వెంటనే సర్వరు ఆగిపోదు. వాడుకరులకు ఏమియు తెలియదు. సుగుణమైన ఇదియే ప్రమాదము కూడ. ఆ క్షణము నుండి కూటమి ఊతకర్ర లేని కుంటివాని వలె నడచుచుండును. మరొక డిస్కు చెడినచో అంతయు పోవును. కొన్ని నెలలపాటు హెచ్చరిక దీపము వెలుగుచున్నను ఎవ్వరును చూడక, రెండవ డిస్కు చెడిన దినమున గాని మేల్కొననివారు కలరు.

క్రొత్త డిస్కును పెట్టినంత మాత్రమున ఆపద తీరదు. మిగిలిన డిస్కులన్నింటిని మొదటినుండి చివరవరకు చదివి, పోయినదానిని లెక్కకట్టి, క్రొత్తదానిపై వ్రాయవలెను. క్షణమునకు 200 మెగాబైట్ల చొప్పున ఎడతెగక వ్రాసినను 16 టెరాబైట్ల డిస్కు నిండుటకు 22 గంటలకు పైగా పట్టును. సర్వరు తన నిత్యపు పనిని కూడ చేయుచుండినచో ఇంకను ఆలస్యమగును. ఆ కాలమంతయు పాత డిస్కులపై భారము పెరుగును. అవి తరచుగా ఒకే దినమున కొన్నవి, ఒకే వయస్సు గలవి. ఏండ్ల తరబడి ఎవ్వరును చదువని మూలలలో దాగియున్న లోపములు కూడ ఈ సమయముననే బయటపడును. పెద్ద డిస్కులకు రెయిడ్ 5 కంటె రెయిడ్ 6ను మేలనుటకు ఇదియే కారణము. నెలకొక పర్యాయమైన కూటమినంతను చదివించి సరిచూచుట మంచిది. మూలనున్న లోపము ముందే తెలియును.

కొందరు ఒక డిస్కును ఏ పనియు చెప్పక సిద్ధముగా నుంచుదురు. ఏదైన చెడిన తక్షణమే అది ఆ స్థానమును తీసికొనును. శంషాబాద్ విమానాశ్రయములో ఇట్టి ఏర్పాటే కలదు. 4,260 మీటర్ల ప్రధాన రన్‌వేకు మరమ్మతు జరుగునప్పుడు, ప్రక్కననే 3,707 మీటర్ల రెండవ రన్‌వే ఆ పనిని నెరవేర్చును. అవసరము వచ్చిన పిమ్మట రన్‌వేను కట్టుటకు వీలుండదు గదా.

చెడిన డిస్కును మార్చు విధము

మొదట చేయవలసినది బ్యాకప్ సరిగా నున్నదో లేదో చూచుట. పిమ్మట ఏ డిస్కు చెడినదో నిశ్చయించుకొనవలెను. లినక్స్ సర్వరులో 'ఎమ్‌డీఏడీఎమ్' అను సాధనము కూటమిని నడుపును. దాని స్థితి పట్టికలో బాగున్న ప్రతి డిస్కునకు ఒక అక్షరమును, లేనిదాని చోట ఒక గీతయు కనిపించును. అది చెప్పిన డిస్కు యొక్క సీరియల్ నంబరును వ్రాసికొని, పెట్టెలోని డిస్కుపై అంటించిన చీటీతో పోల్చి చూడవలెను. చెడినదానిని విడిచి మంచిదానిని లాగివేయుట ఈ పనిలో మిక్కిలి హానికరమైన పొరపాటు.

తరువాత చెడినదానిని కూటమి నుండి తొలగించి, దానికి సమానమైన లేక అంతకు పెద్దదైన డిస్కును అమర్చి, కూటమిలో చేర్చవలెను. పునర్నిర్మాణము ముగియువరకు కనిపెట్టుచుండవలెను.

రెండు డిస్కులు ఒకేసారి పోయి కూటమి నిలిచిపోయినచో తొందరపడరాదు. క్రొత్త కూటమిని సృష్టింపుమని గాని, డిస్కులను శుద్ధిచేయుమని గాని ఆజ్ఞ ఇచ్చినచో మిగిలినదియు చెరిగిపోవును. సర్వరును ఆపి, డిస్కుల వరుసక్రమమును గుర్తించి, ప్రతి డిస్కునకును మొదటి నుండి చివరవరకు నకలు తీసికొని, ఆ నకళ్ళపైననే ప్రయత్నము చేయవలెను. తల పళ్ళెమును గీరుచున్న శబ్దము వినిపించినచో ఆ డిస్కునకు మరల విద్యుత్తు ఇయ్యక నిపుణులకు అప్పగించుట మేలు.

రెయిడ్ బ్యాకప్ కాదు

అద్దము తన ముందున్నదానినే చూపును. పొరపాటున ఒక ఫైలును చెరపినచో రెండు డిస్కులపైనను అది అదే క్షణమున చెరిగిపోవును. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఉద్యోగి మరమ్మతు చేయుచు, ఒక సర్వరనుకొని మరొక సర్వరులోని డేటాబేసును తొలగించెను. ఆ సంస్థ ఏర్పరచుకొన్న బ్యాకప్ పద్ధతులు పనిచేయుట లేదని అప్పుడు గాని తెలియలేదు. అదృష్టవశమున ఆరు గంటల ముందు తీసిన ప్రతి ఒకటి ఉండుటచే మిగిలినది దక్కినది. ఆ ఆరు గంటల సమాచారము మాత్రము పోయినది.

అగ్ని, వరద ఇంతకంటె క్రూరమైనవి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరమున ప్రభుత్వ సర్వరు కేంద్రములో బ్యాటరీల నుండి మంట పుట్టెను. ప్రభుత్వోద్యోగులు తమ కాగితములను దాచుకొను జి–డ్రైవ్ కాలిపోయెను. దానిలోని 858 టెరాబైట్లకు మరొకచోట ప్రతి లేకుండెను. గదియే దగ్ధమైనచో ఆ గదిలోని అదనపు డిస్కులేమి చేయగలవు?

కనుకనే పెద్ద సంస్థలు ఒకే భవనమును నమ్మవు. 2022 నవంబరులో హైదరాబాదులో తన సేవలను ప్రారంభించిన అమెజాన్ వెబ్ సర్వీసెస్ మూడు వేర్వేరు మండలములను ఏర్పరచెను. ఒకచోట విద్యుత్తు పోయినను, నీరు చేరినను మిగిలినవి నిలుచునట్లు వాటిని ఎడముగా నుంచుదురు. అట్లున్నను పొరపాటున చెరపినదానిని అవియు తిరిగి ఈయలేవు. పాత తేదీల ప్రతులు వేరుగా ఉండవలసినదే.

చిన్న కార్యాలయమునకు, పాఠశాలకు, ఆసుపత్రికి ఒక సులభ సూత్రము చాలును. సమాచారమునకు మూడు ప్రతులుండవలెను. అవి రెండు విధములైన సాధనములపై ఉండవలెను. ఒకటి మరొక ఊరిలో ఉండవలెను. డిస్కు చెడినప్పుడు పని ఆగకుండుటకు రెయిడ్. సమాచారము పోయినప్పుడు తిరిగి పొందుటకు బ్యాకప్. ఒకటి రెండవదాని స్థానమును తీసికొనజాలదు.

చివరిగా ఒక మాట. తీసి దాచిన ప్రతి యంతయు ప్రతి కాదు. తెరచి చదివి చూచినదే ప్రతి. మూడు నెలలకొకసారి కొన్ని ఫైళ్ళను బ్యాకప్ నుండి వేరొక కంప్యూటరుపైకి తెచ్చి, అవి తెరచుకొనుచున్నవో లేదో చూడవలెను. ఒక రోగి పాత పరీక్ష ఫలితము గాని, ఒక రైతు పట్టా వివరము గాని కావలసిన దినమున దొరకునో లేదో ఆ చిన్న పరీక్షయే ముందుగా తెలుపును.